‘ముఖ విలువ’ అంటే ఏ ముఖం?

షేర్ల వార్తల్లో ‘ముఖ విలువ’ (ఫేస్ వాల్యూ) అని రాస్తుంటాం కదా, ఆ మాట మీద ఈ గుంపులోని మీ అందరి అభిప్రాయం కావాలి. మా పిన్ని షేర్లు కొనడానికి ఈమధ్యే డీమ్యాట్ ఖాతా తెరిచింది. ఎంఆర్‌ఎఫ్ అనే టైర్ల కంపెనీ ‘30 శాతం మధ్యంతర డివిడెండ్’ (ఏడాది మధ్యలో పంచే లాభంలో వాటా) ఇచ్చిందని ఎక్కడో చదివి, “లక్ష పెడితే 30 వేలు ఇస్తారట గదరా!” అంది. ఆ షేరు ధర 2023 జూన్‌లోనే లక్ష దాటింది. ముఖ విలువ మాత్రం 10 రూపాయలే. డివిడెండ్ శాతం కట్టేది ఆ పది మీద. అంటే లక్ష పెట్టి షేరు కొన్నవాళ్లకు వచ్చేది 3 రూపాయలు. పిన్ని కాసేపు ఊరుకుని, “ముఖం అంటే పైకి కనబడేది గదా. ఫోన్లో కనబడుతున్నది లక్షే గదా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

— పిన్నిగారి ప్రశ్న సబబే అండీ. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత షేర్ పత్రాలున్నాయి. ‘10 రూపాయల వంతున 50 షేర్లు’ అని పత్రం మొహానే అచ్చేసి ఉంటుంది. ఆ మొహమే ఈ ముఖం. 1996లో ఎన్ఎస్‌డీఎల్ అనే, షేర్లను కంప్యూటర్లో దాచే సంస్థ వచ్చాక కాగితాలు మెల్లగా పోయి షేర్లు దాదాపు అన్నీ కంప్యూటర్లోకి చేరాయి. మొహం పోయింది, మాట మిగిలింది.

— అయితే ‘అచ్చు విలువ’ అందాం అన్నా. తపాలా బిళ్ల మీద పావలా అని అచ్చయి ఉన్నా, సేకరించేవాళ్లు వందలు పోసి కొంటారు. అచ్చయినది వేరు, అంగట్లో పలికేది వేరు అని మా అమ్మమ్మకైనా ఇట్టే తెలుస్తుంది. స్ప్లిట్ చెప్పడానికీ వీలు: 10 రూపాయల అచ్చు విలువ షేరును 2 రూపాయలవి ఐదు చేస్తారు. బోనస్‌లో (ఉన్నవాళ్లకు ఉచితంగా అదనపు షేర్లివ్వడం) షేర్లు పెరుగుతాయి గానీ అచ్చు విలువ మారదు.

— ‘అచ్చు విలువ’ నాకు నచ్చింది, తమ్ముడూ. కానీ ఏ మాట వాడినా ఆ శాతం ఉన్నంతకాలం కొత్తవాళ్లు పొరబడుతూనే ఉంటారు. ఈ గుంపులో వార్తలు రాసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ‘30 శాతం’ అని శీర్షిక పెట్టకండి. ‘షేరుకు 3 రూపాయలు’ అని రాయండి. పక్కనే ఆనాటి షేరు ధర కూడా వేయండి.