శ్రీకాకుళం యాసలో చదివిన కథలు ఎక్కడ దొరుకుతాయి?

మా అత్తయ్యగారిది టెక్కలి దగ్గర పల్లె. చూపు బాగా తగ్గాక కథలు వినడమే ఆవిడకు కాలక్షేపం. కానీ ‘ఏటి’, ‘ఒగ్గేయ్’, ‘గుంటడు’ అంటూ తన ఊరివాళ్లలా మాట్లాడే గొంతయితేనే మనసుపెట్టి వింటారు. ఫోన్‌లో చదివి వినిపించే తెలుగు గొంతులన్నీ మార్చి చూశాను, వేగం 0.75కి తగ్గించాను. కాసేపటికే ఆపేయమంటారు. యూట్యూబ్‌లో వెతికితే ఆ యాసలో నాకు దొరికినవి ఎక్కువగా కామెడీ స్కిట్లే. మా భాషను వెక్కిరిస్తున్నారని ఆవిడకు బాధ, అది న్యాయమే. నేనే చదువుదామంటే నాది గుంటూరు మాట, ఆవిడ చెవికి ఎక్కడం లేదు.

వెనక సంగీతం లేకుండా, కనీసం అరగంట నిడివితో, ఆ ప్రాంతం వాళ్లే నెమ్మదిగా చదివిన కథలు ఏ యాప్‌లో లేదా ఛానెల్‌లో ఉన్నాయో తెలిసినవాళ్లు చెప్తారా?