4వ తరగతిలో ఏడీహెచ్‌డీ ఉన్న బాబు: 40 మంది క్లాసులో ఎలా నడిపించాలి?

ప్రశ్న (ప్రైమరీ టీచర్):
మా క్లాసులో ఒక బాబుకి ఏడీహెచ్‌డీ (ఒక పని మీద దృష్టి నిలపలేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని డాక్టర్ తేల్చారు. పొద్దున 8కి మాత్ర వేస్తున్నారు. నోటితో అడిగితే ఎక్కాలన్నీ అప్పజెప్తాడు, నోట్‌బుక్‌లో మాత్రం సగం లెక్క దగ్గరే ఆగిపోతాడు. పీరియడ్‌కి ఏడెనిమిది సార్లు బెంచీ దిగుతాడు. మధ్యాహ్నం తర్వాత మరీ కష్టం. ఎక్కడ కూర్చోబెట్టాలి? పని ఎలా ఇవ్వాలి? పరీక్షలో అదనపు సమయం అడగొచ్చా? క్లాసులో నేనొక్కదాన్నే.

జవాబు 1 (స్పెషల్ ఎడ్యుకేటర్):
మేడం, ముందు వరసలో, బెంచీ చివర కూర్చోబెట్టండి. కిటికీ, తలుపు దగ్గర వద్దు. బెంచీ నడుమ ఇరికిస్తే లేచిన ప్రతిసారీ పక్కవాళ్లని తొక్కుకుంటూ వస్తాడు, గొడవ అక్కడే మొదలవుతుంది. పక్కన నెమ్మదైన పిల్లాణ్ణి పెట్టండి గానీ వాడికి కాపలా పని అప్పగించకండి.

అసలు తేడా తెచ్చేది పని కొలత. 20 లెక్కల పేజీని 4 చీటీలుగా కత్తిరించండి, చీటీకి 5 లెక్కలు. ఒకటి పూర్తయ్యాక మీ టేబుల్ దగ్గరికి తెచ్చి, టిక్ పెట్టించుకుని, ఇంకోటి తీసుకెళ్లాలి. లేచి తిరగాలన్న తహతహ పనిలోనే తీరుతుంది, తప్పు కూడా 5 లెక్కల్లోపే దొరుకుతుంది. గుణకారాలకి గళ్ల నోట్‌బుక్ ఇవ్వండి. మామూలు పేజీలో ఒకట్ల కింద పదులు పడి, లెక్క వచ్చినా జవాబు తప్పుతుంది.

బోర్డు చూసి ఎక్కించుకోవడం వీళ్లలో చాలామందికి గండం. తల దించేలోపే చూసింది జారిపోతుంది. ప్రశ్నలు రాసిన కాగితం బెంచీ మీదే పెట్టండి. "పుస్తకం తీసి, 46వ పేజీలో మూడో లెక్క నుంచి రాయండి" అంటే మొదటి ముక్కే చెవినపడుతుంది. పేరు పిలిచి, మీ వైపు చూశాక, ఒక్క పని చెప్పి, తిరిగి చెప్పించండి.

పని పూర్తి చేయలేదని ఇంటర్వెల్, ఆటల పీరియడ్ ఆపేయకండి. కదలిక ఆపేస్తే తర్వాతి పీరియడ్‌లో ఆ బరువు మీ మీదే పడుతుంది.

జవాబు 2 (స్కూల్ కౌన్సెలర్):
దీనికి రోజువారీ కార్డు తోడు చేయండి. మొదటి వారం ఏమీ మార్చకుండా ఎన్నిసార్లు బెంచీ దిగుతున్నాడో మాత్రం రాసుకోండి. 8 సార్లు దిగుతుంటే లక్ష్యం 6 పెట్టాలి, సున్నా కాదు. కార్డులో మూడే వరసలు: "2 చీటీలు పూర్తి చేశాడు", "అడగకుండా 6 సార్లకు మించి దిగలేదు", "హోంవర్క్ డైరీలో రాసుకున్నాడు". పీరియడ్ అవగానే టిక్ పెట్టి ఒక ముక్క మెచ్చుకోండి. సాయంత్రం ఇంట్లో దానికి బహుమతి: 20 నిమిషాలు సైకిల్ గానీ, తనకిష్టమైన ఆట గానీ.

కార్డు చెడిపోయేది సాధారణంగా రెండు చోట్ల. బహుమతిని ఆదివారానికి వాయిదా వేస్తే అంత దూరం ఆగలేడు. టిక్ రాలేదని ఇంట్లో తిడితే కార్డు దాచేస్తాడు. బహుమతి పాతబడితే మార్చండి, నాలుగైదు రోజులు వరసగా గెలిస్తే 6ని 5 చేయండి.

జవాబు 3 (పిల్లల మానసిక వైద్యుడు):
మధ్యాహ్నం సంగతి డాక్టర్ చెవిన వేయాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మామూలు మాత్ర అయితే దాదాపు 4 గంటలే పనిచేస్తుంది, 8కి వేస్తే 12కి దిగిపోతుంది. ఏ పీరియడ్‌లో ఎలా ఉన్నాడో, అన్నం తిన్నాడో లేదో వారం పాటు రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి. ఆకలి తగ్గడం ఈ మందుతో తరచూ చూస్తాం. మోతాదు గురించి సలహా మాత్రం మీరివ్వొద్దు. ఈలోపు లెక్కలు పొద్దుటి పీరియడ్‌కి మార్చగలిగితే మార్చండి.

పరీక్షల్లో అదనపు సమయం విషయం: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది) ఉంది. రెండూ కలిసి ఉండటం అరుదేం కాదు. చదవడం, రాయడం కూడా వెనకబడితే ఆ వైకల్యం ఉందేమో పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో గానీ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో గానీ అడగొచ్చు. యూనిట్ టెస్టుల్లో సమయం పెంచడం హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి మీ స్కూల్లోనే చేసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. "వాడికి మాత్రమే చీటీలెందుకు టీచర్" అని మిగతా పిల్లలు అడిగితే?

జవాబు 1:
అడిగిన వాళ్లందరికీ ఇవ్వండి మేడం. నిదానంగా రాసే ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా అవే పనికొస్తాయి.