‘గాలి మొత్తం’ అనొచ్చా? విండ్ రన్‌కు మన మాట ఏది?

అందరికీ నమస్కారం. విండ్ రన్, అంటే రోజంతా వీచిన గాలి పోయిన దూరం, దీనికి తెలుగు మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

నల్లగొండలో మా డాబా మీద చిన్న వాతావరణ స్టేషన్ పెట్టుకున్నాను. గాలికి తిరిగే మూడు గిన్నెలు, దిక్కు చూపే రెక్క, వాన కొలిచే డబ్బా. కింద గదిలో ఒక చిన్న కంప్యూటర్ ఈ లెక్కలన్నీ డేటాబేస్‌లో రాసుకుంటుంది. మా వీధివాళ్లు, బత్తాయి తోటలున్నవాళ్లు ఫోన్‌లో చూసుకుంటారని ఆ పేజీని తెలుగులోకి మార్చాను. ఎండ, తేమ, వాన... వీటి దగ్గర ఇబ్బంది రాలేదు. గాలి దగ్గర ‘సమ్’, అంటే కూడిక, అని ఒక గడి ఉంటే, ఎక్కువ ఆలోచించకుండా ‘గాలి మొత్తం’ అని పేరు పెట్టేశాను.

జూన్‌లో ఒకరోజు ఆ అంకె సుమారు 2,300 నుంచి 11,500కు ఎగిరింది. పొద్దున్నే పక్కింటి పెద్దనాయిన ఫోన్ పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. “ఏం బిడ్డా, రాత్రికి రాత్రి గాలి ఐదంతలైందా? గట్లయితే నా షెడ్డు మీద రేకులుంటుండెనా?” అన్నాడు. నేను గిన్నెల్లో ఏదో లోపం ఉన్నట్టుంది అన్నాను. ఆయన వదల్లేదు. “అదట్లుంచు. అసలు గాలి మొత్తం అంటే ఏంది? బస్తాలా, లీటర్లా?”

జవాబు చెప్పలేకపోయాను. పైకెక్కి చూస్తే గిన్నెలు బాగానే తిరుగుతున్నాయి. లోపం నా లెక్కలో ఉంది. అంతకుముందు ఐదు నిమిషాలకోసారి వేగం రాసుకునే ఏర్పాటును ముందురోజు నేనే నిమిషానికోసారికి మార్చాను. రోజుకు 288 వరసలు ఉండేవి 1,440 అయ్యాయి. ‘సమ్’ గడి ఆ వరసల్లోని వేగాలను కూడుతుందంతే. గంటకు 8 కిలోమీటర్ల గాలి 288 సార్లు రాస్తే 2,304. అదే గాలి 1,440 సార్లు రాస్తే 11,520. గాలి పెరగలేదు, రాతలు పెరిగాయి.

పక్కనే ఇంకో గడి ఉంది. అది ప్రతి వేగాన్నీ ఆ గాలి వీచిన సెకన్లతో గుణించి కూడుతుంది. దాన్ని 3,600తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. సగటున గంటకు 8 కిలోమీటర్ల గాలి రోజంతా వీస్తే 192 కిలోమీటర్లు. ఎన్ని నిమిషాలకోసారి రాసినా ఈ అంకె మారదు. దీన్నే ఇంగ్లిషులో విండ్ రన్ అంటారు. ఇది కొత్త లెక్కేమీ కాదు. 1846లో ఐర్లండ్ ఖగోళ శాస్త్రవేత్త రాబిన్‌సన్ నాలుగు గిన్నెల గాలికొలత పరికరం తయారుచేశాడు. ఆ రకం పరికరాలకు మోటర్‌సైకిల్ మీటరులాగా తిరిగే అంకెలు అమర్చి, ఒకపూటకూ మరోపూటకూ తేడా చూసి దూరం రాసుకునేవాళ్లు. నీరు ఎంత ఆవిరవుతుందో చెప్పడానికి 1948లో బ్రిటిష్ శాస్త్రవేత్త పెన్‌మన్ రాసిన సూత్రంలో కూడా గాలిని రోజుకు ఇన్ని మైళ్లు అనే తీసుకున్నారు. తోటకు నీళ్లు పెట్టే మనిషికి పనికొచ్చే లెక్క ఇది.

దీనికి తెలుగులో ఏమనాలి? ‘గాలి పరుగు’ అనడం నాకు నచ్చడం లేదు. పరుగు అనగానే వేగం తోస్తుంది. మెల్లటి గాలి కూడా రోజంతా వీస్తే చాలా దూరం పోతుంది కదా.

*పాలమూరు నుంచి జవాబు:*

అన్నా, మా దిక్కు గాలి ‘తోలుతది’ అంటం. బండి తోలుడు, మట్టి తోలుడు, గాలి తోలుడు అన్నిటికీ ఒకటే మాట. మట్టి తోలకం అన్నట్టు ‘గాలి తోలకం’ అంటే ఎట్లుంటది? తోలకంల దూరం ఉన్నది, పని ఉన్నది.

ఇంకోటి, మీ సమ్ గడి తప్పు ఎక్కడుందో మా మేస్త్రీ హాజరు పుస్తకం చూస్తే తెలుస్తది. ఒకాయన పొద్దంతా పనిచేస్తడు, ఒకాయన పూటే చేస్తడు. ఇద్దరికీ చెరొక గీత పెట్టి రెండు కూలీలు అని రాయరు, ఒకటిన్నర రాస్తరు. మీ డేటాబేస్‌ల నిమిషం గాలికీ ఐదు నిమిషాల గాలికీ ఒక్కొక్క గీతే పెట్టిన్రు.

*దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ:*

హాజరు పుస్తకం పోలిక చాలా బాగుంది. ఇలా ఒక్కోదానికి దాని పాలు ఎంతో చూసి కట్టే సగటును పుస్తకాల్లో ‘భారిత సగటు’ అంటారు, కానీ భారం అనగానే పిల్లలు బరువు అనుకుంటారు. ఇకమీద క్లాసులో కూలీల లెక్కతోనే మొదలుపెడతాను.

కిందటి వారం ఇక్కడే ఒకరు ‘వడి మొత్తం’ అని సూచిస్తూ, వడగాలిలో ఉన్నదీ ఆ వడే అన్నారు. అది కాదండీ. వడగాలి, వడగాడ్పు, వడదెబ్బ, వీటిలో ఉన్నది ‘వడ’, అంటే ఎండ వేడి. వేగమనే అర్థమున్న ‘వడి’ వేరు. పైగా ‘వడి మొత్తం’ అన్నా పాత తప్పే మళ్లీ వస్తుంది. వేగాలను కూడితే దేనికీ కొలత కాదు.

*మళ్లీ నేను:*

నిజం మేడమ్. ‘మొత్తం’ అన్న మాట రాసేముందు దేని మొత్తం అని అడుక్కోవాల్సింది. పెద్దనాయిన అడిగిందీ అదే.

దిక్కు దగ్గర ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. దిక్కును ఉత్తరం సున్నా అనుకుని చుట్టూ 360 డిగ్రీలుగా లెక్కిస్తారు. 350 డిగ్రీల నుంచి ఒకసారి, 10 డిగ్రీల నుంచి ఒకసారి గాలి వచ్చిందనుకోండి. రెండూ ఉత్తరపు గాలులే. మామూలుగా కూడి సగం చేస్తే 180, అంటే దక్షిణం! అందుకే డేటాబేస్ తూర్పు పడమరల కూడిక ఒకటి, ఉత్తర దక్షిణాల కూడిక ఒకటి విడిగా పెట్టుకుని, ఆ రెండింటి నుంచి దిక్కు తీస్తుంది. ఆ గడికి ‘గాలివాటం’ అని పెట్టాను. ఎన్నికల వార్తల్లో ‘గాలివాటంగా గెలిచాడు’ అని ఈ మాటను తేలిక చేశారు గానీ, కల్లంలో దానికి చాలా విలువ ఉండేది. మా అమ్మ చాట ఎత్తే ముందు పిడికెడు పొట్టు వదిలి అది ఎటు పోతుందో చూసేది. అప్పుడు కాళ్లు సర్దుకుని నిలబడేది. గింజ ముందర కుప్పగా పడేది, పొట్టు అవతలికి పోయేది. ‘గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలి’ అని ఆమె ఊరికే అనలేదు.

ఇక విండ్ రన్. తోలకం నాకు ఎంతో నచ్చింది, మాట్లాడేటప్పుడు అదే వాడతాను. కానీ పేజీలో కొత్తగా చూసేవాళ్లకు ట్రాక్టర్ గుర్తొస్తుందేమో అని భయం. అందుకే ‘గాలి పోయిన దూరం’ అని రాసి, పక్కన కిలోమీటర్లు అని పెట్టాను. పాత రోజుల లెక్కలు కూడా అసలు వరసల నుంచి మళ్లీ కట్టించాను. నిమిషానికి మార్చిన రోజు ఇప్పుడు ముందురోజుకు దగ్గరగానే ఉంది. పెద్దనాయిన చూసి, “ఇయ్యాల గాలి ఈడికెళ్లి హైదరాబాద్ పోయి మళ్లొచ్చినట్టు” అన్నాడు.

ఇంకో గడి మిగిలింది. ఒక్కసారిగా విసిరికొట్టి ఆగిపోయే గాలి, ఇంగ్లిషులో గస్ట్. ‘విసురు’ అని పెట్టి ఉంచాను. మీ ఊళ్లలో ఏమంటారు?