"చందమామ తరఫున శిక్షిస్తా"... సైలర్ మూన్ డైలాగుకి సరైన తెలుగేంటి?

నెల్లూరు మామయ్య
ఒక డౌటు సభ్యులారా. సైలర్ మూన్ అని జపాన్ కార్టూన్ ఉంది కదా (అనిమే అనాలంట, కార్టూన్ అంటే మా మేనకోడలు ఒప్పుకోదు), అందులో మంత్రంతో రూపం మార్చుకునే హీరోయిన్ రాక్షసుల ముందు నిలబడి చేతులు అలా ఇలా తిప్పి "త్సుకి ని కవత్తె, ఒషియోకి యో!" అంటుంది. ఇంగ్లీషులో "ఇన్ ద నేమ్ ఆఫ్ ద మూన్, ఐ విల్ పనిష్ యూ". మా పిల్ల అమెరికాలో పుట్టింది, అక్కడ ఈ డైలాగు టీషర్టుల మీద కూడా ఉంటుందంట, తెలుగులో ఎలా అంటారు మామయ్యా అని అడిగితే "చంద్రుని పేరిట నిన్ను దండించెదను" అని చెప్పా, ఇదేదో పద్యనాటకంలా ఉంది అని ఒకటే నవ్వు. జపనీస్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, అసలు మాటలో అంత బరువు ఉందా?

ఓరుగల్లు టు ఒసాకా
లేదన్నా, అంత బరువు అస్సల్లేదు. నేను జపాన్ల కొన్నేండ్లు పనిచేసిన, అందుకే చెప్తున్న. "త్సుకి" అంటే చంద్రుడు, నెల కూడా అదే మాట, మన "నెల"కు కూడా రెండర్థాలు ఉన్నయి గద, నెలవంక, నెలరాజు, గట్లనే. "ని కవత్తె" అంటే బదులుగ, ఆయన జాగల నేను అని. "పేరిట" అనేది ఇంగ్లీషోళ్ళు చేసిన పని, వాళ్ళకు ప్రార్థనల, కోర్టుల "ఇన్ ద నేమ్ ఆఫ్" అలవాటు కాబట్టి గట్ల పెట్టిన్రు, పిల్ల మాట కాస్త రాజుగారి ఫర్మానా అయిపోయింది.

అసలు కథ "ఒషియోకి"ల ఉంది. ఎడో కాలంల (1868కి ముందటి పాత జపాన్ల) షియోకి అంటే సర్కారు వేసే శిక్ష, మరణశిక్ష దాక. ఇప్పుడు ఇండ్లల్ల అల్లరి చేసిన పిల్లగానికి అమ్మ వేసే శిక్షను అట్ల అంటరు. ముందల "ఒ" మర్యాదకు, చివర "యో" ఆడపిల్ల మాటతీరు. అంటే పద్నాలుగేండ్ల బడిపిల్ల పోయి పెద్ద రాక్షసునితోని ఒక చంటి పోరనితోని మాట్లాడినట్టు మాట్లాడుతది, మజా అంత అండ్లనే ఉంది. "నెల తరఫున శిక్షిస్తా" అని మాత్రం రాయకు అన్నా, ఈఎంఐ కట్టలేదనుకుంటరు 😄

గోదారిగట్టు
అయితే తేలిపోయిందండి. ఒషియోకి అంటే తొడపాశం! "చందమామ రాలేక నన్ను పంపాడు, ఇటు రా తొడపాశం పెడతా." మా అమ్మమ్మ ఈ ఒక్క ఆయుధంతోనే పన్నెండు మంది మనవల్ని పాలించిందండి బాబూ, ఆవిడ ముందు ఏ మంత్రదండం పనికిరాదు.

పాత వ్యాకరణం
తొడపాశం మరీ ఒక పద్ధతికి కట్టేస్తుంది, చెవి మెలేయడం, గోడకుర్చీ, గుంజీలు అన్నీ ఒషియోకి కిందకే వస్తాయి కాబట్టి ఏ శిక్షో చెప్పకుండా భయపెట్టే మాట కావాలి. "నీ పని చెప్తా" అని ఉండనే ఉంది కదా, ప్రతి తెలుగు అమ్మా రోజుకి నాలుగుసార్లు అనేదే.

ఇంకొకటి, కవత్తె గురించి. జపనీస్‌లో "కవరు" అనే శబ్దానికి మారడం అనీ అర్థం, ఒకరి స్థానంలో ఇంకొకరు రావడం అనీ అర్థం, లిపిలో అక్షరాలు వేరు కానీ పలకడం ఒకటే. మన "మారు" కూడా సరిగ్గా ఇంతే చూడండి! మారు అంటే మార్పు చెందు, మారుగా అంటే బదులుగా, మారుపేరు, మారుటితల్లి. ఆ అమ్మాయి రూపం మారి, చందమామకు మారుగా వస్తుంది. కాబట్టి నా ఓటు: "చందమామకు మారుగా వచ్చా, నీ పని చెప్తా!" రెండు భాషలకీ చుట్టరికం ఉందని నేననడం లేదు, దయచేసి ఆ గొడవ ఇక్కడ మొదలుపెట్టకండి.

షికాగో చలి
మాస్టారి అనువాదం సూపర్ 👏 కానీ నెల్లూరు మామయ్య గారి మేనకోడలికి ఆ గంభీరమైన ఇంగ్లీషే ఎందుకు అలవాటయ్యిందో చెప్తాను, నేను ఇక్కడ ఈ సిరీస్ పిచ్చిలో పెరిగినదాన్నే కాబట్టి కొంచెం పొడుగవుతుంది, భరించండి.

తకేఉచి నవోకో గీసిన అసలు మాంగా (జపనీస్ కామిక్) 1991 చివర్లో నకయోషి అనే ఆడపిల్లల పత్రికలో మొదలైంది, అనిమే 1992 మార్చిలో వచ్చింది, 1997 దాకా మొత్తం 200 ఎపిసోడ్లు. అమెరికాలో 1993లో పవర్ రేంజర్స్ దుమ్ము దులిపింది, అది కూడా జపాన్ సరుకే, దాంతో అక్కడ ఇంకేం ఉన్నాయా అని వెతికితే ఇది దొరికింది. డిక్ అనే కంపెనీ 1995లో 65 ఎపిసోడ్లు ఇంగ్లీషులోకి దించింది. దించింది అంటే ఎలా... హీరోయిన్ ఉసగి పేరు సెరీనా అయ్యింది, హీరో మమోరు డేరియన్ అయ్యాడు, జొయిసైట్ అనే మగ విలన్‌కి ఇంకో మగ విలన్ అంటే ప్రేమ కాబట్టి ఇతన్ని ఏకంగా ఆడదాన్ని చేసేశారు, మొదటి సీజన్ చివర్లో అమ్మాయిలంతా చనిపోయే రెండు ఎపిసోడ్లని కలిపి ఒకటి చేసి వాళ్ళు చనిపోలేదు బందీలయ్యారు అన్నారు. ఎపిసోడ్ అయిపోయాక "సైలర్ సేస్" అని ఒక నీతి ముక్క కూడా, పళ్ళు తోముకోండి అబద్ధాలాడకండి టైపు. మన డైలాగు కూడా "ఇన్ ద నేమ్ ఆఫ్ ద మూన్, ఐ విల్ రైట్ రాంగ్స్ అండ్ ట్రయంఫ్ ఓవర్ ఈవిల్, అండ్ దట్ మీన్స్ యూ" అని సాగింది. శిక్ష అనే మాటే ఎగిరిపోయి ధర్మసంస్థాపన వచ్చి కూర్చుంది!

ఇంత చేసినా మొదట ఆడలేదు, చాలా ఊళ్ళలో తెల్లారుజామున వేసేవాళ్ళు, ఏ పిల్ల లేస్తుంది. ఆపేస్తే అప్పటి ఇంటర్నెట్‌లో అభిమానులు "సేవ్ అవర్ సైలర్స్" అని సంతకాలు పోగేశారు. తర్వాత 1998లో కార్టూన్ నెట్‌వర్క్ వాళ్ళ టూనామీ అనే కార్యక్రమంలో సాయంత్రం, బడి నుంచి వచ్చే టైముకి వేశారు, అంతే, ఒక తరం మొత్తం పడిపోయింది, మగపిల్లలు కూడా, అవతల డ్రాగన్ బాల్ జీ కోసం కూర్చున్నవాళ్ళు ఇదీ చూసేశారు (చూశామని అప్పట్లో ఒప్పుకునేవాళ్ళు కాదు, అది వేరే విషయం).

నా అభిప్రాయం ఏంటంటే ఆ పిల్లలకి నచ్చింది పెద్ద పెద్ద మాటలు కాదు. ఉసగి ఏడుపుగొట్టు, లెక్కల్లో సున్నాలు, బడికి రోజూ లేటు, తిండిపోతు, అయినా లోకాన్ని కాపాడేది తనే. అంతకుముందు అమెరికా కార్టూన్లలో వీరవనిత అంటే అన్నీ తెలిసిన పెద్దావిడ, లేదంటే మగ టీములో ఒకే ఒక్క అమ్మాయి. ఇక్కడ అయిదుగురూ అమ్మాయిలే, అయిదు రకాల బుద్ధులు, ఎవరికి వాళ్ళు నేను ఫలానా అని ఎంచుకోవచ్చు. అందుకే "నీ పని చెప్తా" కరెక్ట్ అంటున్నా, ఆ పిల్ల నోట్లో ఇమిడే మాట అదే.

మిలానో తెలుగు
వెస్ట్ అంటే అమెరికా ఒక్కటేనా అక్కా? ఇటలీ, ఫ్రాన్స్ మీకంటే ముందు. క్రీమీ మామీ అని 1983 జపాన్ సిరీస్, మాయతో పెద్దదై పాటలు పాడే పాప కథ, ఇటలీలో 1985కే టీవీలో వచ్చేసింది, ఇప్పటికీ ఇక్కడ నలభైల్లో ఉన్న ఆడవాళ్ళు ఆ ఇటాలియన్ టైటిల్ సాంగ్ పాడతారు. ఫ్రాన్స్‌లో క్లబ్ దొరోతే అనే పిల్లల టీవీ కార్యక్రమంలో సైలర్ మూన్ 1993 డిసెంబర్‌కే మొదలు. తర్వాత ఇటలీ వాళ్ళు సొంతంగా తయారు చేసుకున్నారు కూడా, 2001లో విచ్ అనే కామిక్, 2004లో వింక్స్ క్లబ్ అనే కార్టూన్, రెండూ ప్రపంచమంతా తిరిగాయి.

పేరు విషయంలో కూడా యూరప్ కాస్త నయం. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ మూడు చోట్లా ఉసగిని "బన్నీ" అన్నారు, కుందేలు కుందేలుగానే ఉంది.

పాత వ్యాకరణం
ఉసగి అంటే కుందేలా?? అయితే ఇంటిపేరేంటి?

ఓరుగల్లు టు ఒసాకా
త్సుకినో. ఇంటిపేరు ముందల పెడ్తరు కాబట్టి త్సుకినో ఉసగి, పలికితే "చంద్రునిల కుందేలు" అని వినబడ్తది. వాళ్ళకు చంద్రునిల మచ్చ కుందేలు, ఉడికించిన జిగురు బియ్యం ముద్దగ దంచుతుంటదని చెప్తరు.

పాత వ్యాకరణం
శశాంకుడు! శశి! శశం అంటే కుందేలే కదండీ, కుందేలు గుర్తున్నవాడు కాబట్టి శశాంకుడు. బోధిసత్వుడు కుందేలుగా పుట్టి ఆకలిగొన్న అతిథి కోసం మంటలో దూకితే శక్రుడు ఆ కుందేలు బొమ్మని చంద్రబింబం మీద గీశాడని శశజాతకం, బౌద్ధంతో పాటు అటు వెళ్ళింది. అమెరికావాళ్ళకి చంద్రుడిలో మనిషి మొహం కనిపిస్తుంది, కుందేలు కనపడదు, కాబట్టి సెరీనా అనక తప్పలేదేమో. మనకి ఆ ఇబ్బంది లేదు. త్సుకినో ఉసగి మన శశికళ, ఇంకేం కావాలి.

గోదారిగట్టు
మా మేనత్త పేరు శశికళ అండి. ఆవిడా అంతే, ఏడుపూ ఎక్కువే, తిండీ ఎక్కువే 😂

కడప బస్సు
పేరు సరే, ఈ జాతి కథల్ని మొత్తంగా ఏమనాల? "మ్యాజికల్ గర్ల్" అంటాండారు కదా, మంత్రగత్తె అంటే సరిపోదా?

షికాగో చలి
వద్దు వద్దు. మంత్రగత్తె అనగానే మనకి గుర్తొచ్చేది వేరే. చేతబడి అని ఊళ్ళలో ఆడవాళ్ళని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం, ఆ మాట చిన్నపిల్లకి పెట్టలేం. మాయలాడి అంటే వగలాడి అయిపోతుంది, మాయలమారి అంటే మోసగత్తె.

పాత వ్యాకరణం
తప్పు "కత్తె"ది కాదు, చెలికత్తె, అందగత్తె బాగానే ఉన్నాయి. మంత్రం వచ్చిన ఆడదానికి మన భాషలో మంచిపేరున్నది ఒక్క మంత్రసానికే, ఆవిడ చేసేది పురుడు పోయడం! జపనీస్‌లో ఏమంటారు?

ఓరుగల్లు టు ఒసాకా
మహో షోజొ. షోజొ అంటే బడి ఈడు ఆడపిల్ల, మెయిజీ కాలంల (1868 తర్వాత) ఆడపిల్లల హైస్కూళ్ళు, వాళ్ళకోసం పత్రికలు వచ్చినంక బాగ చలామణి అయిన మాట. అంటే పెండ్లి కంటె ముందు, బాల్యం దాటినంక, మధ్యల ఒక వయసు. "కన్య" అంటే పెండ్లి వాసన వస్తది, "బాలిక" అంటే సర్కారు హాస్టలు యాదికొస్తది, "అమ్మాయి"నే మంచిది.

ఇగ మహోల "మ" అనే అక్షరం మీకు నచ్చుతది మాస్టారూ. సంస్కృతం మారను, అదే బుద్ధుణ్ణి సతాయించిన మారుణ్ణి, చైనాల రాయనీకి పుట్టించిన అక్షరం అది. "హో" అంటే పద్ధతి, బౌద్ధ గ్రంథాలల్ల ధర్మానికి కూడ అదే అక్షరం.

పాత వ్యాకరణం
మారుడు మనకి మన్మథుడైపోయాడు, వాళ్ళకి మంత్రవిద్య అయ్యాడా! ఈ దారాన్ని సేవ్ చేసుకుంటున్నా.

మిలానో తెలుగు
ఇంకో తమాషా, ఈ మంత్రాల అమ్మాయి మొదట్లో అమెరికా నుంచే జపాన్ వెళ్ళింది. బివిచ్డ్ అని 1964 సీరియల్, మంత్రాలొచ్చిన గృహిణి కథ, జపాన్ టీవీలో బాగా ఆడింది, దాని ప్రభావంతోనే 1966లో తోయెయ్ కంపెనీ వాళ్ళ "మంత్రాల సాలీ" అనే అనిమే వచ్చింది. వెళ్ళేటప్పుడు ఇల్లాలు, తిరిగొచ్చేటప్పుడు బడిపిల్ల.

షికాగో చలి
తిరిగొచ్చినా ఆ బడిపిల్లని ఇక్కడి చానెళ్ళు దాచడానికే చూశాయి. కార్డ్‌క్యాప్టర్ సకురా అనే ఇంకో మ్యాజికల్ గర్ల్ అనిమే 2000లో ఇక్కడికొచ్చినప్పుడు టైటిల్లో సకురా పేరు పీకేసి ఉత్త "కార్డ్‌క్యాప్టర్స్" చేశారు, మగపిల్లలు చూడరేమోనని కుర్రాడు కనపడే ఎనిమిదో ఎపిసోడ్‌తో మొదలుపెట్టారు, 70 ఎపిసోడ్లలో ఇక్కడ వేసింది 39. సైలర్ మూన్‌లో హరుక, మిచిరు అనే ఇద్దరమ్మాయిలు ప్రేమికులు, ఇంగ్లీషులో కజిన్స్ అన్నారు, ఆ కజిన్స్ చేతులు పట్టుకుని తిరిగే తీరు చూసి పిల్లలకే అనుమానం వచ్చింది! అప్పుడే చాలామంది జపనీస్ టేపులు, అభిమానులే వేసిన సబ్‌టైటిల్స్ వెతుక్కున్నారు, ఒషియోకి లాంటి మాటలు అలాగే నేర్చుకున్నారు. చివరికి 2014లో విజ్ కంపెనీ కోతల్లేకుండా కొత్త డబ్బింగ్ మొదలుపెట్టింది, సెరీనా మళ్ళీ ఉసగి అయ్యింది, ఆఖరి సీజన్ ఇంగ్లీషులో వచ్చేసరికి 2019. అప్పటి ప్రేక్షకుల్లో కొందరు ఇప్పుడు సొంతంగా కార్టూన్లు తీస్తున్నారు, స్టీవెన్ యూనివర్స్ అనే కార్టూన్ తీసిన రెబెకా షుగర్ సైలర్ మూన్ ప్రభావం ఉందని తనే చెప్పింది.

అందుకే అంటున్నా, తెలుగులో చేసేవాళ్ళు పేర్ల జోలికి పోవద్దు. శశికళ చర్చకి బాగుంది మాస్టారూ, తెరమీద మాత్రం ఉసగి ఉసగిగానే ఉండాలి.

పాత వ్యాకరణం
ఒప్పుకోను. పిల్లలకి అర్థమయ్యే పేరు పెడితే తప్పేంటి? జర్మనీ వాళ్ళు బన్నీ అంటే నయం, మనం శశి అంటే కోతా?

నెల్లూరు మామయ్య
మీరిద్దరూ కొట్టుకోకండి, మేనకోడలికి "చందమామకు మారుగా వచ్చా, నీ పని చెప్తా" పంపించా. బాగుందంట, ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది. హీరో ఆ పిల్ల జుట్టుముడుల్ని చూసి "ఒదాంగో అతమా" అని ఏడిపిస్తాడంట, ఇంగ్లీషులో "మీట్‌బాల్ హెడ్" అన్నారంట.

ఓరుగల్లు టు ఒసాకా
మీట్‌బాల్ కాదన్నా, మాంసం సంగతే లేదు అండ్ల. దాంగో అంటే బియ్యప్పిండి ఉండలు. త్సుకిమి అని వాళ్ళకు శరత్కాలంల నిండు చంద్రుణ్ణి చూసే పండుగ ఉంటది, ఆ రోజు ఈ ఉండలు గుట్టగ పేర్చి చంద్రునికి పెడ్తరు. కుందేలు పేరు, నెత్తి మీద ఉండలు, అన్నీ చంద్రుని సామాన్లే.

గోదారిగట్టు
ఉండ్రాళ్ళు! అచ్చం ఉండ్రాళ్ళే! "ఉండ్రాళ్ళ బుర్ర" అనేయండి. కాకపోతే వాళ్ళు ఉండలు పెట్టి మరీ చంద్రుణ్ణి చూస్తారా, మనం ఉండ్రాళ్ళు తిని నీలాపనిందలొస్తాయని ఆ రాత్రి గుమ్మం దాటం.

కడప బస్సు
మావైపు కుడుములు అంటాము. "కుడుముల తలకాయ" అంటే ఇంకా బాగుంటాది.

పాత వ్యాకరణం
కుడుము వేరు, ఉండ్రాయి వేరు. ఆ సిగ ముళ్ళు గుండ్రంగా ఉంటాయా, చప్పిడిగా ఉంటాయా, ముందు ఎవరైనా బొమ్మ పెట్టండి.