బొగోటాలో రెండు రోజులు: ఈ ప్లాన్ కాస్త చూసి చెప్పండి

అంబత్తూరు రావు:
అందరికీ నమస్కారం. అంబత్తూరు ఎస్టేట్‌లో ఆటో పార్ట్స్ కంపెనీలో ఉద్యోగం నాది. వచ్చే నెల ఆఫీసు పని మీద కొలంబియా రాజధాని బొగోటాకి పంపిస్తున్నారు. శనివారం రాత్రి దిగుతాను, మంగళవారం నుంచి పని. అంటే ఆదివారం, సోమవారం నావే. వయసు 54, ఎడమ మోకాలు అంతంత మాత్రం. శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. స్పానిష్ ఒక్క ముక్క రాదు.

ప్లాన్ ఇదీ. ఆదివారం పొద్దున మొన్సెర్రాతే కొండ, మధ్యాహ్నం సిపాకిరా ఉప్పు గనిలో ఉన్న చర్చి. సోమవారం గోల్డ్ మ్యూజియం, పాత ఊరు. మా అబ్బాయి ఫోన్‌లో చూసి ఐదు నిమిషాల్లో వేసిచ్చాడు. వాడు తిరుపతికైనా ఇలాగే వేస్తాడు, అందుకే అనుమానం. ఇంట్లో మాత్రం సేఫ్టీ గురించి టెన్షన్ పడుతున్నారు.

మైలాపూరు శారద:
రావుగారూ, అబ్బాయి ప్లాన్ సరిగ్గా తిరగేసి వేశాడు. మావారి ఉద్యోగం వల్ల నేను అక్కడ పది నెలలు ఉండి వచ్చాను, కాబట్టి కాస్త చొరవ తీసుకుంటున్నాను.

గోల్డ్ మ్యూజియానికి సోమవారం సెలవు. తలుపు చూసి రావాల్సిందే. అదే ఆదివారమైతే టికెట్ కూడా కొనక్కర్లేదు, కాకపోతే పది తర్వాత తెరుస్తారు. మొన్సెర్రాతే కొండకేమో ఆదివారం ఊరంతా కదులుతుంది. పైన చర్చిలో, నేల మీద పడి ఉన్న ఏసు విగ్రహం ఉంది, మొక్కులున్న వాళ్లంతా ఆ రోజే ఎక్కుతారు. తిరుపతి అన్నారు గనక చెప్తున్నా, కేబుల్ కార్ క్యూలో నించుంటే కంపార్ట్‌మెంటే గుర్తొస్తుంది. కొండని సోమవారం పొద్దుటికి మార్చండి. ముందు క్యాలెండర్ చూసుకోండి, అక్కడ చాలా పండుగ సెలవుల్ని సోమవారానికి జరుపుతారు. అలాంటి సోమవారమైతే మళ్లీ అదే జనం.

మార్చమనడానికి ఇంకో కారణం ఎత్తు. ఊరే 2,640 మీటర్ల మీద ఉంది, మన ఊటీ కంటే ఎక్కువ. కొండ 3,152. మనమేమో సముద్రం ఒడ్డు నుంచి వెళ్తాం. నేను దిగిన రోజే సూట్‌కేసు మూడో అంతస్తుకి మోసి రాత్రంతా తలనొప్పితో పొర్లాడాను. మావారు గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు కాచిచ్చారు! మొదటి రోజు మెల్లగా నడవండి, అంతే. కొండకి నడక దారి ఉంది గానీ మీ మోకాలికి వద్దు.

ఆదివారం పొద్దున్న 7 నుంచి 2 దాకా కొన్ని పెద్ద రోడ్లు కార్లకి మూసేస్తారు. సిక్లోవియా అంటారు, 1974 నుంచి నడుస్తోంది. మౌంట్ రోడ్డు మొత్తం సైకిళ్లకీ, కుక్కలకీ, చంటిపిల్లల బళ్లకీ వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. టాక్సీ మాత్రం చుట్టూ తిరిగి రావాలి, టైము లెక్క వేసుకోండి.

మ్యూజియంలో అన్నీ చూడబోతే కళ్లు తిరుగుతాయి. ముయిస్కా అనే అక్కడి పాత తెగవాళ్లు చేసిన తెప్ప బొమ్మ దగ్గర మాత్రం ఆగండి. మొత్తం జానెడు బంగారం. మధ్యలో దొర, చుట్టూ అతని మనుషులు, ఒంటి మీద నగలు కూడా దారమంత సన్నగా కనిపిస్తాయి. 1969లో ఒక గుహలో దొరికింది. కొత్త దొర ఒంటినిండా బంగారు పొడి పూసుకుని సరస్సు మధ్యకి తెప్ప మీద వెళ్లి, బంగారం నీళ్లలో వదిలేవాడట. ఎల్ డొరాడో అని తెల్లవాళ్లు వెతుక్కుంటూ తిరిగిన కథకి మూలం ఇదే. నాకు మాత్రం మా కపాలీశ్వరుడి తెప్పోత్సవం కళ్లముందు కదిలింది.

అక్కణ్ణుంచి పాత ఊరికి నడిచిపోవచ్చు. బొతేరో అనే చిత్రకారుడి పేరు మీదున్న మ్యూజియం ఉచితం, దానికి సెలవు మంగళవారం. అందులో బొద్దుగా ఉన్న మోనాలిసాని చూడకుండా రాకండి. సిపాకిరా వదిలేయండి, రెండు రోజుల్లో కుదరదు.

దారి తప్పితే భయం లేదు. మద్రాసులో తూర్పున సముద్రం ఉన్నట్టు అక్కడ తూర్పున కొండలు. కొండల వెంట పోయేవి కరేరాలు, కొండల వైపు పోయేవి కాయేలు. బొతేరో అడ్రసు కాయే 11, 4-41. అంటే పదకొండో కాయేలో, నాలుగో కరేరా దాటి 41 మీటర్లు.

వేళచ్చేరి చిన్నా:
సార్, అందరూ మర్చిపోయేది ఒకటి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా? అంత ఎత్తున్న బొగోటాలో ఆ జబ్బు భయం లేదు గానీ మన ప్రభుత్వం దేశాన్ని బట్టి చూస్తుంది. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టు నుంచే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌కి పంపొచ్చు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. వేసిన పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

అంబత్తూరు రావు:
టీకా సంగతి మా ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు! చిన్నా, చాలా థాంక్స్. శారదగారూ, తిండి మాటేమిటి? సేఫ్టీ?

మైలాపూరు శారద:
"సిన్ కార్నే", అంటే మాంసం లేకుండా, అని ఊరుకోకండి. కార్నే అంటే చాలామంది లెక్కలో గొడ్డుమాంసం ఒక్కటే, కోడి వేసి నవ్వుతూ తెచ్చిపెడతారు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ ఉయేవో" (మాంసం, కోడి, చేప, గుడ్డు ఏదీ లేకుండా) అని చీటీ రాసి జేబులో పెట్టుకోండి. చీజ్ పెట్టిన అరేపా దొరుకుతుంది, మొక్కజొన్న రొట్టె. పండ్లకి పాలోకెమావో మార్కెట్, లక్ష్మణఫలం రసం తాగండి. ఆగ్వాపనేలా అని వేడిగా ఇస్తారు, అది అచ్చంగా బెల్లం నీళ్లు. మిరియాలు, ఏలకులు వేస్తే శ్రీరామనవమి పానకమే.

సేఫ్టీకి వాళ్ల సామెత ఉంది, "బొప్పాయి ఇవ్వకు" అని. ఆశ పుట్టేలా చేతిలో పెట్టుకుని తిరగొద్దని అర్థం. ఫుట్‌పాత్ మీద ఫోన్‌లో మ్యాప్ చూస్తుంటే పూలమ్మే పెద్దావిడ నన్ను అదే మాటతో గట్టిగా కసిరింది. ఏ కొట్లోకైనా వెళ్లి చూసుకోండి. చీకటి పడితే పాత ఊళ్లో నడవకండి, యాప్‌లో కారు పిలవండి.

అంబత్తూరు రావు:
గురువారం గిండీ వెళ్తున్నాను. చీటీ రాసుకున్నాను. బెల్లం సంగతి మా ఆవిడకి చెప్పడం పొరపాటైంది, నాలుగు అచ్చులు తెమ్మంటోంది.