కిల్న్‌లో కాల్చిన అకోమా కుండ: ప్యూబ్లో కుండేనా, కాదా?

పెంకుముక్క
అమెరికాలో న్యూ మెక్సికోలోని అకోమా అనే ప్యూబ్లో (ఆదివాసీల ఊరు) నుంచి వచ్చే తెల్లటి సన్నగీతల కుండల్లో ఇప్పుడు చాలావాటిని ఎలక్ట్రిక్ కిల్న్‌లో, అంటే కరెంటు బట్టీలో, కాలుస్తున్నారు. కొన్నయితే చేత్తో కట్టినవి కూడా కావు. అచ్చులో పోసిన పచ్చి కుండ కొనుక్కొచ్చి పైన బొమ్మ గీస్తారు. చీటీ మీద 'చేత్తో చిత్రించినది, అకోమా' అని ఉంటుంది. అందులో అబద్ధం లేదు, అసలు సంగతీ లేదు. అచ్చుపోత విషయంలో ఇక్కడెవరికీ పేచీ ఉండదనుకుంటాను. నా ప్రశ్న రెండో రకం గురించి. మట్టి తమ నేలలోనే తవ్వి, చేత్తోనే కట్టి, చివర్లో ప్లగ్గు పెట్టి కాలిస్తే అది ప్యూబ్లో కుండ అవుతుందా? నా ఉద్దేశంలో అవదు. కాలనంతవరకూ అది ఎండిన మట్టే కదా. సగం విద్య కాల్పులోనే ఉంది.

కోన్06
అవుతుందండీ. ముందు ఆ కుండ ఎలా పుడుతుందో చూడండి. అకోమా మట్టి బూడిదరంగు గట్టి మట్టి. దంచి, నానబెట్టి, పాత కుండపెంకులు మెత్తగా నూరి కలుపుతారు. పెంకు ఒకసారి కాలినది కాబట్టి మళ్లీ కుంచించుకోదు. అది లేకపోతే ఆరేటప్పుడే బీటలు. సారె ఉండదు. అడుగుభాగం ఒక మూకుడులో కూర్చోబెట్టి, మట్టి తాడు మీద తాడు చుట్టి, గీకి గీకి గోడ పల్చన చేస్తారు. దాని మీద తెల్లమట్టి పూత. నలుపు గీతకి బీప్లాంట్ అనే మొక్కని ఉడికించి చిక్కబరిచిన ముద్దలో ఇనుపరాయి నూరి కలుపుతారు. (ఆ మొక్క మన వామింట కుటుంబంలోదే.) కుంచె అంటే యుక్కా అనే మొక్క ఆకు, కొస నమిలి నార తీసింది. ఒక్కో గీత వెంట్రుక మందం.

ఇంత చేసి ఆరుబయట పిడకల మంటలో పెడితే ఏమవుతుంది? పిడక ఒకటి జారి కుండని ఆనుకుందంటే అక్కడ నల్లటి పొగ మచ్చ. ఎర్రకుండ మీదైతే అందం, తెల్లకుండ మీద మసి. గాలి ఒకవైపు నుంచి కొడితే ఆ పక్క ముందు వేడెక్కి గోడ చీలుతుంది. మట్టిలో చెమ్మ మిగిలితే నీరు ఆవిరై పొట్ట పగులుతుంది. వారాల గీత గంటలో పోతుంది. అలాంటప్పుడు కిల్న్ వాడటం మోసమెలా అవుతుంది?

పెంకుముక్క
మీరు చెప్పిందంతా నా వాదనకే బలం. ఆ ప్రమాదాన్ని దాటి వచ్చింది కాబట్టే ఆ కుండకి ఆ విలువ. సాంతా ఫే ఇండియన్ మార్కెట్ (ఆదివాసీ కళల సంత) పోటీల్లో సంప్రదాయ విభాగానికి పెట్టిన షరతు కూడా ఇదే: స్థానిక మట్టి, చేతి కట్టుబడి, ఆరుబయట కాల్పు. మూడూ ఉండాలి.

అల్బుకర్కీ అత్త
ఆరుబయట కాల్పు అనగానే వేయేళ్ల నాటిది అనుకోకు బాబూ. కింద డబ్బాల మీద నిలబెట్టిన ఇనుప జల్లెడ, చుట్టూ పాత రేకులు, పాలసీసాల ఇనుప బుట్టలు, కారు నంబరు ప్లేట్లు. కుండల్ని అంతకుముందు వంటింటి ఒవెన్‌లో పెట్టి చెమ్మ తీస్తారు. నున్న చేయడానికి గరుకు కాగితం. అంతెందుకు, ఆవులూ గొర్రెలూ గుర్రాలూ ఆ నేల మీద కాపురం పెట్టింది స్పానిష్ వాళ్లతోనే, 1598 తర్వాత. పిడకల కాల్పే వలస వచ్చిన పద్ధతి.

లద్దెబుట్ట
అత్తయ్యా, నంబరు ప్లేట్ల మాట నిజం. ఫొటోల్లో చూసి రేకుల షెడ్డు తగలబడుతోందనుకున్నాను.

కోన్06
ఇంకో సంగతి. కిల్న్ వల్ల అన్నీ మెరుగవుతాయని నేననలేదు. మట్టిలో సున్నపు రవ్వ ఉంటే పిడకల మంటలో చాలాసార్లు గండం గడిచిపోతుంది, ఎందుకంటే అది సాధారణంగా 700 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. కిల్న్ ఉంది కదా అని 900 దాటించారో, ఆ రవ్వ కాలి పొడిసున్నమవుతుంది. తర్వాత గాల్లో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. వారానికో నెలకో పెచ్చు ఊడి నడిమధ్య తెల్లచుక్క ఉన్న గుంట పడుతుంది. కొన్నవాడు తానే ఎక్కడో తగిలించాననుకుంటాడు.

గులకరాయి
అకోమా ఒక్కదాన్నే పట్టుకుని 'ప్యూబ్లో' అంటే ఎలా? న్యూ మెక్సికోలో 19 ప్యూబ్లోలున్నాయి, అరిజోనాలో హోపీ ఉంది. శాన్ ఇల్డెఫాన్సో, సాంతా క్లారా నల్లకుండని ఎలక్ట్రిక్ కిల్న్‌లో చేయలేరు, అక్కడ అసలు ప్రశ్నే లేదు. అగ్నిపర్వతపు బూడిద కలిపిన మట్టి, పైన ఎర్రమట్టి పూత నాలుగైదు సార్లు, తడి ఉండగానే గులకరాయితో రుద్దుడు. మధ్యలో లేచే వీల్లేదు. పూత ఆరిపోతే రాయి గీత పడుతుంది, గీకేసి మొదటికి రావాలి. మంట సరైన వేడికి రాగానే పొడిచేసిన గుర్రపు లద్దెతో మొత్తం కప్పేస్తారు. ఎక్కడా పొగ బయటికి రాకూడదు. వచ్చిన చోట బూడిద వేసి మూస్తారు. లోపల పొగ పట్టి కుండ నల్లబడుతుంది. వేడి ఎక్కువైతే మెరుపు చచ్చిపోతుంది, తక్కువైతే కుండ మెత్తగా మిగులుతుంది.

ఇనుపతుప్పు
"పొగ పట్టి నల్లబడుతుంది" అన్నది తప్పు. గాలి ఆడకపోవడంతో పూతలోని ఎర్ర ఐరన్ ఆక్సైడ్ మాగ్నెటైట్‌గా మారుతుంది. నలుపు దానిది.

గులకరాయి
కర్బనం కూడా దిగుతుంది కదండీ. రెండూ.

ఇనుపతుప్పు
రెండూ అంటే సరిపోదు. నల్లకుండని మళ్లీ గాలి తగిలేలా కాలిస్తే ఎర్రబడుతుంది. ఒట్టి మసి అయితే కాలిపోయి అడుగున ఉన్న రంగు కనబడాలి.

గులకరాయి
అడుగున ఉన్న రంగు కూడా ఎరుపే! మీ పరీక్ష దేన్ని రుజువు చేసింది?

ఇనుపతుప్పు
ఇనుము లేని తెల్లమట్టితో చేసి చూడండి. నల్లబడినా ఆ నలుపు వేరుగా ఉంటుంది.

గులకరాయి
అంటే కర్బనంతో కూడా నల్లబడుతుందని మీరే ఒప్పుకున్నారు. సంతోషం.

సారెకాడు
తెలంగాణ రాకాసి గుళ్లలో (పాతకాలపు పెద్దరాళ్ల సమాధుల్లో) దొరికే నలుపు-ఎరుపు కుండల సంగతీ ఇంతే. గాలి ఆడని భాగం నలుపు, ఆడిన భాగం ఎరుపు. ఇక అసలు విషయానికి వస్తారా?

అల్బుకర్కీ అత్త
నల్లకుండ మీద మెరవని బొమ్మని నల్లరంగుతో వేశారని చాలామంది అనుకుంటారు. కాదు. నున్నగా రుద్దిన దాని మీద మళ్లీ పల్చటి మట్టి పూతతోనే గీస్తారు. ఆ గీతని రుద్దరు, అందుకే మెరవదు. శాన్ ఇల్డెఫాన్సో కుమ్మరి మారియా మార్టినేజ్, ఆమె భర్త జూలియన్ దాదాపు 1919లో పట్టుకున్న కిటుకు అది. అలాంటి కుండలో నీళ్లు పోసి పూలు పెట్టే మహానుభావులున్నారు. చెమ్మ ఊరి మెరుపు పోతుంది, మళ్లీ రాదు.

పెంకుముక్క
మారియా పేరు వచ్చింది కాబట్టి చెప్తాను. ఆమె పేరున్న కుండకి ఇవాళ ఏ ధర పలుకుతుందో అందరికీ తెలుసు. ఆ ధర దేనికి? ఆ మంటకి, ఆ లద్దెకి. కిల్న్ కుండ కూడా అదే వరసలో నిలబడి అదే ధర అడిగితే, ఆరుబయట కాల్చేవాడికి నష్టం. పదింట్లో మూడు పగిలిన వాడూ, పదీ దక్కినవాడూ ఒక్కటే అయితే మంట దగ్గర ఎవరు నిలబడతారు?

కోన్06
"పదింట్లో మూడు" ఎక్కడిది?

పెంకుముక్క
మాటవరసకి అన్నాను. లెక్క కాదు.

గులకరాయి
మారియా పేరున్న కుండ అన్నారు. ఏ పేరు? మొదట్లో సంతకమే లేదు. 1920ల్లో మొదలైంది, బయటివాళ్లు అడిగారు కాబట్టి. బొమ్మ గీసిన జూలియన్ పేరు తర్వాత చేరింది. 1943లో ఆయన పోయాక కోడలు సాంతానా, తర్వాత కొడుకు పొపోవి దా పేర్లు పక్కన కనబడతాయి. మట్టి తెచ్చినవాళ్లు, రాయితో రుద్దినవాళ్లు, పేడ ఎండబెట్టినవాళ్లు ఏ కుండ అడుగునా లేరు. ఊరంతా చేసిన పనికి ఒక్క చెయ్యి చూపించమన్నది బయటి సంత. ఇప్పుడు ఒక్క మంట చూపించమంటున్నది కూడా ఆ సంతే.

పెంకుముక్క
తత్వం బాగుంది. నేను డబ్బు పెట్టిన కుండ గురించి అడిగితే 'సంప్రదాయ పద్ధతి' అన్నారు, కిల్న్ అని తర్వాత తెలిసింది. మీ తత్వం ఆ తేడా డబ్బు తిరిగి ఇస్తుందా?

గులకరాయి
అదీ సంగతి! ఇంతసేపూ మట్టి, మంట అన్నారు, చివరికి మీ రసీదు. మీకు కావలసింది కుండ కాదు, ఇంకొకరు గాలికి భయపడుతూ తెల్లవారుజామున పిడకల ముందు నిలబడ్డారన్న భరోసా.

పెంకుముక్క
అవమానించకండి. అబద్ధం చెప్పొద్దన్నాను, అంతే.

సారెకాడు
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. కుండలోవి కాదు.

కోన్06
చట్టం ఎక్కడిదాకా వస్తుందో చూద్దాం. 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం అడిగేది ఒక్కటే: ఆదివాసీ తయారీ అని అమ్మినప్పుడు చేసినవారు గుర్తింపు పొందిన తెగ సభ్యులా, లేదా ఆ తెగ ధ్రువీకరించిన కళాకారులా? అది అబద్ధమైతే మొదటిసారికే వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ జరిమానా, ఐదేళ్ల వరకూ జైలు. ఎలా కాల్చారన్నది ఆ చట్టం పట్టించుకోదు. అంటే చట్టం ప్రకారం ప్యూబ్లో కుండ అంటే ప్యూబ్లో మనిషి చేసిన కుండ. పోటీ నిబంధన ప్రకారం ఫలానా తీరున చేసిన కుండ. మీరిద్దరూ ఒకే మాటని రెండు అర్థాల్లో వాడుతూ గంట నుంచి కొట్టుకుంటున్నారు.

గులకరాయి
నేను అదే అంటున్నాను. కోచిటీ ప్యూబ్లో కళాకారుడు వర్జిల్ ఓర్టిజ్ పాతకాలపు వెక్కిరింత బొమ్మల వరస పట్టుకుని, స్పానిష్ వాళ్ల మీద ప్యూబ్లోలు చేసిన 1680 తిరుగుబాటుని 2180కి జరిపి భవిష్యత్తు యోధుల్ని చేస్తాడు. సాంతా క్లారా కళాకారిణి రోజ్ బి. సింప్సన్ 1985 నాటి ఎల్ కమీనో కారుకి శాన్ ఇల్డెఫాన్సో నలుపు మీద నలుపు నమూనా వేసి 'మారియా' అని పేరు పెట్టింది. అందులో మట్టి లేదు, మంట లేదు. అది ప్యూబ్లో కుండల వంశంలోది కాదని చెప్పే హక్కు ఎవరిది? మీదా, నాదా?

పెంకుముక్క
కారుని కారు అనే చెప్పింది కదండీ. కుండ అని చీటీ అంటించలేదు. నేను అడిగేదీ అదే. మట్టి ఎక్కడిది, ఎలా కట్టారు, ఎలా కాల్చారు, మూడు ముక్కలు రాయమనండి. కిల్న్ అని రాసి అమ్మితే నేనే కొంటాను.

గులకరాయి
అమ్మేవాళ్లు అడిగినదానికి నిజం చెప్పాలి. దాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ మట్టి ఎక్కడిదో చీటీ మీద రాయమనడం మీకు చిన్నమాట. చాలా కుటుంబాలు గని ఎక్కడో బయట చెప్పవు. తవ్వేముందు ప్రార్థన చేసి, అడిగి తీసుకునే మట్టి అది.

పెంకుముక్క
సరే, గని వద్దు. 'తవ్వినదా, దుకాణంలో కొన్నదా' చాలు.

గులకరాయి
అది అడగొచ్చు. కానీ 'కిల్న్' అన్న మాట వినగానే బేరం సగానికి దించేవాళ్లున్నంతకాలం, దాన్ని తనంతట తనే రాయమని ఏ కుమ్మరికీ నేను చెప్పను.

పెంకుముక్క
అంటే దాచమంటారు.

గులకరాయి
అడగమంటాను.

కొత్తసభ్యుడు
మధ్యలో వచ్చాను, క్షమించండి. అచ్చుపోతని ఎలా పట్టుకోవాలి?

అల్బుకర్కీ అత్త
మూతిలోంచి వేలు పెట్టి లోపలి గోడ తడుము. చేత్తో కట్టినదైతే కొద్దిగా ఎగుడుదిగుడు తగులుతుంది, మందం అక్కడక్కడా మారుతుంది. అచ్చుపోత లోపల కూడా గాజులా ఒకే తీరు, కొన్నిటికి పక్కన అతుకు గీత. మంచి అకోమా కుండ చూపుకి పెద్దది, చేతికి తేలిక. అచ్చుది ఆ సైజుకి బరువుగా ఉంటుంది. కాల్పు మాత్రం వేలికి తెలియదు. గులకరాయి గారన్నట్టు అది అడగాల్సిందే.

ఇనుపతుప్పు
నలుపు మాగ్నెటైట్‌దే.