2004 జక్కూరు విమాన ప్రమాద దర్యాప్తు: తెలిసినవారు వివరించగలరు

నమస్కారం. 2004 ఏప్రిల్ 17న బెంగళూరులోని జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన సెస్నా 180 విమానం, గాలిలోకి లేచిన కాసేపటికే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో కూలి మంటల్లో చిక్కుకోగా, నటి సౌందర్య, ఆమె సోదరుడు అమర్‌నాథ్ సహా నలుగురు మరణించిన సంగతి మీకు తెలిసిందే. దీనిపై తెలుగులో నేను చదివినదంతా సంతాపమే తప్ప సాంకేతిక వివరణ కాదు. ఇక పుకార్లకైతే లెక్కే లేదు.

ఇటువంటి చిన్న విమానాల్లో సాధారణంగా బ్లాక్‌బాక్స్ ఉండదు కనుక, ఇంజను ఆగిపోయిందా, లేక వేగం చాలక విమానం స్టాల్ అయిందా (అంటే రెక్కలకు పైకెత్తే బలం పోయి పడిపోయిందా) అన్నది ప్రధానంగా శకలాలను బట్టే తేల్చవలసి ఉంటుంది. ప్రొపెల్లర్ రెక్కల అంచులపై గాట్లు పడి, కొనలు మెలితిరిగి ఉంటే, నేలను తాకే క్షణంలో ఇంజను శక్తితో తిరుగుతోందని దర్యాప్తు అధికారులు భావిస్తారట. అంతా కాలిపోయినప్పుడు ఆ ఆనవాళ్లను ఎంతవరకు నమ్మవచ్చు? సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఏప్రిల్ ఎండలో పలచబడిన గాలి, విమానం మోస్తున్న బరువు, ఈ రెండింటి ప్రభావాన్ని ఎలా లెక్కగడతారు?

విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ 2012లో గాని ఏర్పడలేదు కనుక, పాత నివేదిక కోసం సమాచార హక్కు చట్టం కింద పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు దరఖాస్తు చేస్తే సరిపోతుందా? ఈ రంగంలో పనిచేసినవారు దయచేసి తెలుపగలరు.